గోడకు నీళ్ళు పట్టిన కుటుంబం: మందస మండలంలో ఒక బడి గది

సెలవుల్లో కుటుంబంతో సహా దేశం దాటి వచ్చి సేవగా బడి కట్టేవాళ్ళున్నారు. విదేశంలో బడి కట్టిన అనుభవం నాకూ ఉంది. కాకపోతే జీతానికి కట్టాను. ఒమన్‌లో తొమ్మిదేళ్ళు సైటు సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు మస్కట్ శివార్లలో ఒక పాఠశాల పునాది నుంచి పిట్టగోడ దాకా నా కళ్ళ ముందే లేచింది. అక్కడ తాపీ పట్టినవాళ్ళలో సగం మంది మా శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు వాళ్ళు. మధ్యాహ్నం ఎండకు పని ఆగినప్పుడు నీడలో కూర్చుని మా ఊళ్ళ బడుల్లో ఏ గది కురుస్తోందో, ఏ గోడ పడిందో చెప్పుకునేవాళ్ళం. తరవాత లేచి మళ్ళీ అక్కడి గోడ అందుకునేవాళ్ళం.

అందుకే 2023 వేసవిలో అమెరికా నుంచి ఒక తండ్రి ఫోన్ చేసి, "గురువుగారూ, డిసెంబరు సెలవుల్లో కుటుంబంతో సహా వచ్చి రెండు వారాలు బడి కట్టే పనిలో సాయం చేస్తాం" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తాపీ పనికి మనుషులను దేశదేశాలకు పంపే జిల్లాకు ఇటుకలు మోయడానికి మనుషులు విమానాల్లో వస్తారట! అయినా సరేనన్నాను. ఎందుకన్నానో దాచను, ఆయన డబ్బు కూడా ఇస్తానన్నారు.

మాది పలాసలో ఉన్న చిన్న సంస్థ. ఏడాదికి రెండో మూడో బడి గదులు, వంటగదులు, ప్రహరీలు కట్టిస్తాం. ఇలాంటి కుటుంబాలు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నాయి. మాలాంటి పని చేసేవారికి పనికొస్తుందని ఈ ఒక్క గది సంగతి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. కుటుంబం పేర్లు, ఊరి పేరు రాయడం లేదు.

గది ఎందుకు

మహేంద్రగిరి పాదాల దగ్గర మందస మండలంలో ఒక సవర గిరిజనుల గూడెం. ప్రాథమిక పాఠశాల, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకే గది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఉపాధ్యాయుడికి ఒక గది చొప్పున ఉండాలి. ఇక్కడ ఒక గోడ వైపు తిరిగి ఒకటి, రెండు తరగతులు, ఎదుటి గోడ వైపు తిరిగి మిగతా మూడు. ఒకరు ఎక్కాలు చెప్పిస్తుంటే మరొకరు గొంతు పెంచి పద్యం చదివించేవారు. అంతకుముందు వరండాలో రేకుల కింద ఒక తరగతి నడిచేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ రేకులు ఎగిరిపోయాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన రోజది. రేకుల గతి తలచుకునేవారే ఆనాడు లేరు.

అందుకని రేకులు వద్దనుకున్నాం. 20 అడుగులకు 16 అడుగుల గది, ముందు ఆరడుగుల వరండా, పైన స్లాబు, తలుపు, కిటికీల పైన గోడల చుట్టూ తిరిగే కాంక్రీటు లింటెల్ పట్టీ. అంచనా 8 లక్షల 40 వేలు. గోడకు బట్టీ ఇటుక. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం, ప్రధానోపాధ్యాయుడి లేఖ, శాఖ అనుమతి, ఇంజినీరు సంతకం వచ్చేసరికి సెప్టెంబరు దాటింది. బయటి నుంచి వచ్చేవారు ముందుగా మరిచిపోయేది ఈ భాగాన్నే. ప్రభుత్వ బడి ఆవరణలో ఎవరి ఉత్సాహం కొద్దీ వారు గోడ లేపడానికి వీలుండదు, ఉండకూడదు.

కుటుంబంలో నలుగురు. తండ్రిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుట్టింది కవిటి మండలంలో. తల్లి ఒక ఆసుపత్రిలో లెక్కల విభాగం చూస్తారు. కూతురికి 17 ఏళ్ళు, కొడుక్కి 12. బస కవిటి దగ్గర నాయనమ్మ ఇంట్లో, రోజూ వ్యానులో రాకపోకలు.

డబ్బు ఎవరిది

మొదటి చిక్కు ఇటుకలతో రాలేదు, పాస్‌పోర్టులతో వచ్చింది. తండ్రికి ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టే. తల్లి అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. పిల్లలు అక్కడే పుట్టారు. మా సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదు. ఈ మూడు సంగతులూ కలిపి చూస్తే తప్ప ఏ రూపాయి తీసుకోవచ్చో తేలదు.

భారత పౌరుడు విదేశంలో ఉంటున్నా, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, ఇచ్చినది విదేశీ విరాళమే. కాబట్టి ఒకే ఇంట్లో భర్త ఇచ్చే ఆరు లక్షలు మేము తీసుకోవచ్చు, భార్య ఇచ్చే ఆరు వేలు తీసుకోకూడదు. ఆమెకు ఫోనులో ఇది చెప్పడానికి నాకు అరగంట పట్టింది. "నేను పుట్టింది బొబ్బిలిలో అన్నయ్యగారూ" అన్నారు. కాదన్నదెవరమ్మా!

అంతకంటే ఇబ్బంది కూతురి విషయంలో వచ్చింది. ఆ అమ్మాయి అప్పటికే తన బడిలో స్నేహితుల దగ్గర, ఇరుగుపొరుగు దగ్గర 2,800 డాలర్లు పోగు చేసింది. అందులో ఒక్క డాలరు కూడా మా ఖాతాలో పడటానికి లేదు. రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థ ద్వారా మళ్ళించవచ్చు కదా అని తండ్రి అడిగారు. ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరవాత అలా తీసుకున్నది ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. పోగు చేసిన డబ్బు తిరిగి ఇచ్చేయమన్నాను. చాలామంది వెనక్కి తీసుకోలేదట. వాళ్ళ అనుమతితో అక్కడి ఊరి గ్రంథాలయానికి ఇచ్చింది. పరిచయం కాకముందే ఆ పిల్ల దృష్టిలో నేను అడ్డుపుల్లల మనిషినయ్యాను.

ఇది కొందరికి మరీ చాదస్తంగా కనిపించవచ్చు. ఈ నియమం తెలియక మంచి సంస్థలు ఖాతాలు స్తంభించి కూర్చోవడం చూసినవాణ్ణి. డబ్బు బయలుదేరకముందే ఇంట్లో ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. ఓసీఐ కార్డు లేని కుటుంబాలు వీసా సంగతి కూడా అడుగుతాయి. జీతభత్యాలు ఏవీ లేని స్వచ్ఛంద సేవకు, నెల రోజులు మించకపోతే, ఇ-టూరిస్టు వీసాలో వీలుంది.

ఆయన ఆరు లక్షలు అక్టోబరులో వచ్చాయి. మిగతాది మా సంస్థ, పలాస జీడిపప్పు వ్యాపారులు ఇద్దరు కలిసి వేసుకున్నారు. నవంబరులో పునాది తీశాం. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని వానలు మా దాకా వచ్చి పని ఆగింది. కుటుంబం డిసెంబరు 18న సైటుకు వచ్చేసరికి పునాదిపై పోసిన కాంక్రీటు దూలం (ప్లింత్ బీము) మీద ఇటుకల మొదటి వరుస మాత్రమే పడింది.

మస్టరులో లేని రెండు పేర్లు

వచ్చిన రోజు అందరూ ఇటుకలు మోశారు. తండ్రి, తల్లి, కూతురు వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించుకున్నారు. కొడుకును మోయనివ్వలేదు. చూడముచ్చటగానే ఉంది. నేను కూడా ఫోటో తీశాను.

మర్నాడు తల్లిని నీడలో కూర్చోబెట్టి కూలీల హాజరు రాసే మస్టరు పుస్తకం, సామాను రిజిస్టరు ఆవిడ చేతికిచ్చాను. లెక్కలు తెలిసిన మనిషి కదా అనిపించింది. గంట తరవాత ఆవిడ వచ్చి, "అన్నయ్యగారూ, నవంబరులో రోజూ ఏడు పేర్లున్నాయి. నిన్నటి నుంచి ఐదే ఉన్నాయి. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ మానేశారా?" అని అడిగారు.

మానలేదు. మేస్త్రి మాన్పించాడు. "రెండు వారాలు వాళ్ళే మోస్తారంటగా బాబూ, కూలీ డబ్బులు మిగులుతాయి కదా అని రావద్దన్నాను" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఖర్చు తగ్గించమని రోజూ అతని చెవిలో పోరేది నేనే. ఆ ఇద్దరూ ఆ గూడెం ఆడవాళ్ళే, వాళ్ళ పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు. రోజు కూలీ 500. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఉచితంగా ఇటుకలు మోసినందువల్ల ఆ బడి పిల్లల తల్లులకు రెండు రోజుల్లో రెండు వేలు పోయాయి. సేవ పేరుతో మేము సాధించింది అప్పటికి అదీ.

ఆ సాయంత్రమే ఇద్దరినీ పిలిపించాం, రెండు రోజుల కూలీ ఇచ్చాం. ఒకామె తీసుకుంది. రెండో ఆమె "పని చేయని రోజుకు డబ్బెందుకు" అని ఒకటే మాట మీద నిలబడింది. చివరికి తల్లి వెళ్ళి, తెలుగులో, తప్పు మాది అని చెప్పాక తీసుకుంది. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నిబంధన ఒక్కటే: వాలంటీరు వచ్చిన రోజు మస్టరులో పేర్లు తగ్గకూడదు. ఈ నిబంధన పెట్టడం తేలికే, కాపలా కాయడమే కష్టం. దానికి మస్టరు రాసే మనిషి బయటివారైతే మేలని ఆవిడను చూశాక తెలిసింది. సైటులో అలవాటుపడిన కళ్ళకు ఖాళీ గడి కనిపించదు.

విమానం టికెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా సంస్థలోనే ఒకరు ఆ లెక్క వేశారు. నలుగురి టికెట్లకు దాదాపు ఐదున్నర లక్షలు అయిందని తండ్రే చెప్పారు. ఆ ఆడవాళ్ళ కూలీ లెక్కన అది 1,100 పనిదినాలు. వినడానికి ఘాటుగా ఉంటుంది. అయితే ఆ డబ్బు మాకు వచ్చి ఆగిపోయినది కాదు. నాయనమ్మను చూడటానికి వాళ్ళు ఏటా వచ్చేవారే. సేవ కోసమే, చుట్టాలెవరూ లేని దేశానికి బయలుదేరే కుటుంబమైతే ఈ లెక్క వాళ్ళ ముందు నేనే పెడతాను.

మూడో రోజు గోడ

పిల్ల తాపీ పడతానంది. తండ్రికీ సరదా. మూడో రోజు మేస్త్రి వాళ్ళకు లోపలి మూల దగ్గర, కిటికీ కింద భాగం ఇచ్చాడు. దారం కట్టి పెట్టాడు, మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కలిపించాడు, మొదటి నాలుగు ఇటుకలు తానే పేర్చి చూపించాడు. తరవాత వరండా వైపు పిలుపొచ్చి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి నాలుగు వరుసలు లేపారు. మా వైపు చేయి తిరిగిన మేస్త్రి ఇద్దరు కూలీలతో రోజుకు ఆరేడు వందల ఇటుకలు కడతాడు. వీళ్ళు కట్టింది 70కి లోపే. కానీ చెమటలు కక్కుతూ కట్టారు, పిల్ల వేళ్ళకు సిమెంటు కొరికి ఎర్రబడ్డాయి కూడా. చేతి తొడుగులు ఇచ్చాం, మధ్యలో తీసేసింది.

సాయంత్రం వ్యాను వెళ్ళాక మేస్త్రి గోడ నిలువు చూసే తూకం గుండు వేలాడదీశాడు. నాలుగు వరుసల ఎత్తులో అర అంగుళం బయటికి వాలింది. గోడ నిలువు మూడు మీటర్ల ఎత్తుకు 6 మిల్లీమీటర్లకు మించి తప్పకూడదు. ఇక్కడ అడుగు పైచిలుకు ఎత్తులోనే దానికి రెట్టింపు. ఇటుకలు సరిగా నానలేదు, అవి మాలులో నీళ్ళు పీల్చేసుకున్నాయి. నిలువు సందుల్లో వేలు పట్టే ఖాళీలు. "రాత్రికి నేను విప్పి కట్టేస్తాను బాబూ. పొద్దున్న చూసి మురిసిపోతారు. పాపం, ఎందుకు బాధపెట్టడం" అన్నాడు.

అతను ఆ మాట ఊరికే అనలేదు. అంతకు మూడేళ్ళ ముందు మరో సైటులో, కాలేజీ విద్యార్థుల బృందం కట్టిన గోడను మేమిద్దరమే పెట్రోమాక్సు దీపం పెట్టుకుని రాత్రి విప్పి కట్టాం. పొద్దున్నే వాళ్ళు వచ్చి దాన్ని ఆనుకుని ఫోటో దిగారు. ఆ ఫోటో మా ఆఫీసు గోడ మీద రెండేళ్ళు ఉంది. వాళ్ళు ఆనుకున్నది మా మేస్త్రి కట్టిన గోడకని ఆఫీసులో ముగ్గురికి తప్ప తెలియదు. ఆ రాత్రి పనికి మేస్త్రికి ఓవర్‌టైమ్ కూడా ఏ పద్దు కింద రాయాలో తెలియక "రవాణా" అని రాశాను. అబద్ధం ఒకసారి మొదలైతే రిజిస్టరు దాకా వస్తుంది.

ఈసారి వద్దన్నాను. పొద్దున్న కుటుంబం ముందు మేస్త్రి చేత గుండు వేయించాను. ఏం జరిగిందో అతనే చెప్పాడు, గట్టిగా కాదు, కొంచెం సిగ్గుపడుతూ, తన తప్పన్నట్టుగా. పిల్ల ముఖం కందిపోయింది. "కొంచెం వాలితే ఏమవుతుంది అంకుల్?" అంది. మీద స్లాబు బరువు, తుపాను గాలి, ఆ గోడ కింద రోజూ కూర్చునే పిల్లలు, ఇవన్నీ చెప్పాను. వినిపించుకుందో లేదో తెలియదు. తండ్రి మాట్లాడకుండా సుత్తి అందుకుని విప్పడం మొదలుపెట్టారు. ఇద్దరూ కలిసి విప్పారు, ఇటుకలకు అంటిన మాలు గీకి పక్కన పేర్చారు. 11 ఇటుకలు విరిగాయి. ఆ రోజు మధ్యాహ్నం నాయనమ్మ పంపిన పులిహోర ఎవరికీ సహించలేదు.

నా పొరపాటు గోడను విప్పించడంలో లేదు. మొదటిసారే వాళ్ళను అసలు గోడ మీదికి పంపడంలో ఉంది. ఆ తరవాత ఆవరణలో ఒక మూల, మట్టితో, సిమెంటు లేకుండా, ఎన్నిసార్లయినా విప్పుకోదగిన గోడ కట్టించాను. పిల్ల రెండు రోజులు అక్కడే కట్టింది, విప్పింది, కట్టింది. మేస్త్రి వచ్చి ఒక్కో వరుసకు గుండు పెట్టి వెళ్ళేవాడు. మూడో దఫాకు గుండు తాడు గోడకు తాకుతూ నిలిచింది. అసలు గోడ మీద మళ్ళీ కడతావా అని అడిగితే వద్దంది. "మేస్త్రి గారికి అందిస్తాను" అంది. ఆ మట్టిగోడను ఇప్పుడు చెట్టు కింద అరుగుగా వాడుతున్నారు.

ఆ మేస్త్రి మందస మనిషే. ఆరేళ్ళు మస్కట్‌లో ఉన్నాడు, అక్కడే నాకు పరిచయం. "బాబూ, మనం అక్కడ కట్టినప్పుడు వంకర వస్తే ఫోర్‌మన్ విప్పించి ఆ పూట జీతం కోసేవాడు, జ్ఞాపకముందా" అని నవ్వాడు. జ్ఞాపకం లేకేం.

నీళ్ళు

చిన్నవాడి సంగతి నేను ముందుగా ఏమీ ఆలోచించలేదు. నిజానికి 12 ఏళ్ళ పిల్లవాణ్ణి సైటుకు తీసుకురావడమే నాకు ఇష్టం లేదు. పరంజా ఎక్కకూడదు, సిమెంటు ముట్టుకోకూడదు, బరువు ఎత్తకూడదు అని గీత గీశాను. ఇంకేం మిగిలింది? ఇటుకలు నానబెట్టే తొట్టిలో నీళ్ళు నింపడం, కట్టిన గోడకు నీళ్ళు పట్టడం.

రెండో రోజే వాడు అడిగిన ప్రశ్నకు నేను పాతికేళ్ళ పనిలో ఎదురుచూసినవాణ్ణి: "ఎండితేనే కదా గట్టిపడుతుంది, మళ్ళీ ఎందుకు తడపడం?" సిమెంటు ఎండి గట్టిపడదు. నీటితో కలిసి గట్టిపడుతుంది. ఆ కలయిక రోజుల తరబడి సాగుతుంది. ఈలోగా నీరు ఆవిరైపోతే అక్కడితో ఆగిపోతుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది. ఇటుక గోడకు కనీసం ఏడు రోజులు, ఇప్పుడు అందరూ వాడే మిశ్రమ సిమెంటుతో పోసిన కాంక్రీటుకు కనీసం పది రోజులు తడి ఆరకూడదు. ఇది చదువుకున్న ప్రతి ఇంజినీరుకూ తెలుసు. జిల్లాలో ఎన్ని సైట్లలో జరుగుతోందో కూడా తెలుసు.

జరగకపోవడానికి కారణం అజ్ఞానం కాదు, లెక్క. లేబరు రేటు గోడ కట్టడానికి ఉంటుంది, నీళ్ళు పట్టడానికి విడిగా ఉండదు. మేస్త్రి అయిదింటికి వెళ్ళిపోతాడు. ఆదివారం ఎవరూ రారు. పండగ వస్తే మూడు రోజులు రారు. నీళ్ళు పట్టని గోడ ఆ ఏడాది ఏమీ చెప్పదు. బిల్లు అయిపోయి, రంగులు వేసి, ప్రారంభోత్సవం జరిగి, ఫోటోలు దిగాక ఎప్పుడో పెచ్చులూడుతుంది. అప్పుడు ఇసుకను తిడతాం.

నైపుణ్యం అక్కరలేనిది, ప్రమాదం లేనిది, ఎవరి కూలీనీ తీసేయనిది, అయినా కట్టడం బలానికి నిజంగా అవసరమైనది, ఇలాంటి పని సైటులో ఇంకోటి ఉందేమోనని ఆ తరవాత చాలా వెతికాను. కనిపించలేదు.

గెడ్డ (వాగు) నుంచి చిన్న మోటారుతో రెండు డ్రమ్ముల్లోకి నీళ్ళు ఎక్కించేవాళ్ళం. బడి మంచినీళ్ళ ట్యాంకు ముట్టుకోలేదు. వాడు పొద్దున్న రాగానే ఒకసారి, సాయంత్రం బయలుదేరే ముందు ఒకసారి నాలుగు గోడలూ తడిపేవాడు. నోటు పుస్తకంలో గళ్ళు గీసి ఏ గోడ, ఎన్ని గంటలకు, అప్పటికి ఆరిపోయిందా, ఇంకా తడిగానే ఉందా అని రాసేవాడు. దక్షిణం గోడ మధ్యాహ్నానికే ఆరిపోతోందని నాలుగో రోజు వాడే కనిపెట్టాడు, మధ్యాహ్నం ఇంకో విడత కలిపాడు. లింటెల్ పట్టీ పోశాక గోనె సంచులు కప్పి తడిపి ఉంచమంటే, గాలికి లేవకుండా వాటి మీద విరిగిన ఇటుకలు పెట్టించాడు. ఆ 11 ఇటుకలు అలా పనికొచ్చాయి. ఉత్తరం గోడ వెనక పొదలున్నాయి. అటు వెళ్ళొద్దు, పాములుంటాయి అని నేనే చెప్పాను. అటువైపు మూలలో నిలబడి గొట్టం ఎత్తి చిమ్మేవాడు.

క్రిస్మస్ రోజు పని లేదు. గూడెంలో చాలామంది చర్చికి వెళ్ళారు. నేను ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం తండ్రి ఫోన్ చేసి, "వీడు ఊరుకోవడం లేదు గురువుగారూ, గోడ ఆరిపోతుందంటున్నాడు" అన్నారు. కవిటి నుంచి వ్యాను మాట్లాడుకుని నీళ్ళు పట్టడానికే వచ్చి వెళ్ళారు. నా సర్వీసులో పండగనాడు క్యూరింగ్, అంటే నీళ్ళు పట్టడం, జరిగిన గోడ అదొక్కటే.

ఇందులో ఒక ముల్లు ఉంది, అది దాటవేయడం న్యాయం కాదు. వాణ్ణి చూసి బడి పిల్లలు నలుగురైదుగురు మేమూ పడతాం అని వచ్చారు. ప్రధానోపాధ్యాయుడు కంగారుపడ్డారు. సవర పిల్లవాడు గొట్టం పట్టుకుంటే ఎవరైనా ఫోటో తీసి బాలకార్మికుడంటారు, అమెరికా పిల్లవాడు పట్టుకుంటే సేవ అంటారు. ఆయన భయం నిజమే, ఆ తేడాకు నా దగ్గర సమాధానం లేదు. ఇద్దరికీ ఒకే గీత గీశాం: బడి వేళల్లో వద్దు, బరువులు వద్దు, ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోసేంత పనికి మించి వద్దు, తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. ఎవరి ఫోటోలూ వద్దు. సాయంత్రం బడి వదిలాక పది నిమిషాలు గొట్టం కోసం పోట్లాట జరిగేది. గోడకంటే ఎక్కువ వాళ్ళే తడిసేవారు.

అమ్మాయి ఇంగ్లీషు పాఠాలు చెబుతానన్న ముచ్చట రెండు రోజుల్లో ముగిసింది. ఇంట్లో సవర, బడిలో తెలుగు, ఆ పైన రెండు వారాల ఇంగ్లీషు. ఉపాధ్యాయురాలు మర్యాదగానే, సిలబస్ వెనకబడుతోందని చెప్పారు. 1863లో ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లలకు బడులు పెట్టడానికి ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పాను. తరవాతి రోజుల్లో ఇటుకలు అందించే ఆడవాళ్ళ దగ్గర సవర అంకెలు నేర్చుకుంది, ఇటుకలు ఆ అంకెలతోనే లెక్కపెట్టేది. పది దాటాక వాళ్ళు నవ్వేవారు.

వెళ్ళాక

డిసెంబరు 31తో వాళ్ళ పని అయిపోయింది. అప్పటికి గోడలు లింటెల్ దాటాయి. సంక్రాంతికి హైదరాబాదు, చెన్నైల నుంచి స్లాబు పోయడానికి కింద చెక్కలు కట్టే మా సెంట్రింగ్ కుర్రాళ్ళు ఇళ్ళకు వచ్చారు. కనుమ దాటాక స్లాబు పోశాం. మరి నీళ్ళెవరు పడతారు? ఇక్కడ మాత్రం నేను తెలివిగా ఉన్నాను. మొదట మాన్పించిన ఆ ఇద్దరు ఆడవాళ్ళకే పది రోజులు, ఉదయం సాయంత్రం, స్లాబు మీద మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలపడానికి విడిగా కూలీ ఇచ్చాం. అంచనాలో "క్యూరింగ్" అని ప్రత్యేకంగా ఒక పద్దు రాయడం మా సంస్థ చరిత్రలో అదే మొదలు. ఇప్పుడు ప్రతి గదికీ రాస్తున్నాం. పిల్లవాడి నోటు పుస్తకం జిరాక్సు తీసి, ఆ గళ్ళే మా ఫారంగా మార్చుకున్నాం.

శిలాఫలకం దగ్గర మామూలు గొడవే జరిగింది. తండ్రి తన నాన్నగారి పేరు అడిగారు. ఊళ్ళో ఇద్దరు పెద్దలు తమ నాయకుడి పేరన్నారు. కమిటీ మూడుసార్లు కూర్చుని ఏదీ తేల్చలేదు. గోడలో అడుగు చదరం ఖాళీ వదిలి చుట్టూ ప్లాస్టరింగ్ చేసేశాం. అది ఇప్పటికీ ఖాళీయే. పిల్లలు దాన్ని సుద్దముక్కలు పెట్టుకునే గూడులా వాడుతున్నారు.

అమ్మాయి మార్చిలో ఉత్తరం రాసింది. మొదట కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నానని ఒప్పుకుంది. ఆ నాలుగు వరుసలు విప్పిన సంగతి వ్యాసంగా రాశానని, మేస్త్రి గారి గురించి రాయడానికి ఆయన ఒప్పుకుంటారో లేదో అడిగి చెప్పమని కోరింది. మేస్త్రి అప్పటికి మళ్ళీ మస్కట్ వెళ్ళిపోయాడు. ఫోనులో అడిగాను. "రాయమనండి బాబూ. ఆ రోజు నేను వరండా వైపు వెళ్ళకుండా ఉండాల్సింది, అది కూడా రాయమనండి" అన్నాడు.

2024 అక్టోబరులో, వానలు తగ్గాక, గది పరీక్షకు వెళ్ళాను. స్లాబు కారలేదు. కిటికీల మూలలు బాగున్నాయి. దక్షిణం, తూర్పు, పడమర గోడలపై ప్లాస్టరింగ్‌లో గీత కూడా లేదు. ఉత్తరం గోడ బయటి వైపు, పొదల దిక్కున, వెంట్రుక మందాన నాలుగైదు పగుళ్ళు కనిపించాయి. ఇది నీళ్ళు అందకనే అని రాసి సంతకం పెట్టలేను. ఆ వైపు ప్లాస్టరింగ్ చేసింది వేరే మేస్త్రి, చేసిన వారం వేరు. అయినా ఫోటోలు తీసి నాలుగు గోడలవీ ఆ చిన్నవాడికి పంపాను, ఉత్తరం గోడది కూడా.

మర్నాడు జవాబు వచ్చింది: "అక్కడ పాములుంటాయని మీరే కదా చెప్పారు అంకుల్."